తలుపు దగ్గర ఆవిడ ఏమంది

ఆ వేసవి మొదట్లోనే నాన్న గొంతు పోయింది. జలుబు చేసి బొంగురుపోవడం కాదు, మొత్తానికే పోయింది. డాక్టరు చిన్న అద్దం పెట్టి లోపలికి చూసి, గొంతులో కాయలు కట్టాయనీ, వానలు పడేదాకా గుసగుసగా కూడా మాట్లాడకూడదనీ చెప్పాడు. ఇంకొకరైతే సెలవు పెట్టి ఇంట్లో కూర్చునేవాళ్ళు. మా నాన్న పనే మాట్లాడటం. మా మందిరంలో వారం వారం కథ చెప్పేది ఆయన. అంతకుముందు తాత చెప్పాడు, తాతకి ముందు ఆయన తండ్రి.

"మాటల మీద బతికిన కొంపలో మౌనవ్రతం," అంది మేనత్త. నాన్నకి అక్క. మా ఇంట్లోనే ఉండేది. మా అందరి మీదా ఆమెకి ఏదో ఒక అభిప్రాయం ఉండేది. "ఒక పలక కొనివ్వండి వాడికి. చిన్నప్పుడు కొన్నది ఎలాగూ వాడలేదు."

పలక నిజంగానే కొన్నాం. నాన్న దాన్ని ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చునేవాడు. ఎవరైనా వస్తే నవ్వేవాడు, వాళ్ళు వెళ్ళగానే మొహం ముడుచుకునేవాడు. ఆయన కోపమంతా బలపం మొనలో చేరింది. బలపాలు తెగ విరిగేవి.

మా మందిరంలో కథ చెప్పడానికి ఒక పద్ధతుంది. వేదిక మీద పీఠం, పీఠం మీద పుస్తకం మూసే ఉంటుంది. కథకుడు దాన్ని తెరవకూడదు, నోటితోనే చెప్పాలి. వేదిక అంచు నుంచి హాలు చివరిదాకా తెర కట్టి ఉంటుంది. అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు. తెర వేదికని తాకే చోట కథకుడి ఇంటి ఆడమనిషి ఒకరు కూర్చుంటారు, మొహం తెరకి ఆనించి. ఆయన ఎక్కడైనా ఆగితే వేలితో పీఠం మీద తడతాడు. ఆవిడ తర్వాతి మాట అందిస్తుంది, ఆయనకి మాత్రం వినిపించి ముందు వరసకి వినిపించకుండా. దాన్ని అందింపు అనేవాళ్ళు. నానమ్మ తాతకి అందించింది. అమ్మ పెళ్ళై వచ్చినప్పటి నుంచి నాన్నకి అందిస్తోంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

నేనప్పుడు గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. ఆ ఏడే అక్కడ 'స్త్రీలు' అని కొత్తగా ఒక అర పెట్టారు. వచ్చిన పుస్తకాలని మతం కింద పెట్టాలా, కథల కింద పెట్టాలా, ఆ కొత్త అరలో పెట్టాలా అని మా పై అధికారి రోజూ సతమతమయ్యేవాడు. "భక్తురాలి జీవితం ఎందులో పెట్టమంటావమ్మా?" అని నన్ను అడిగి, నేను చెప్పింది వినకుండా ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ దూర్చేసేవాడు. నేనా అరంతా చదివేశాను. వాటిలో ఎక్కడో ఒక చోట ఒకామె లేచేది, తలుపు తీసుకుని వెళ్ళిపోయేది. అవి చదివి సాయంత్రం ఇంటికొస్తే, నాన్న పలక మీద రాసింది వంగి చదువుతున్న అమ్మ కనిపించేది. ఆ వంగడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆమె మీదో, ఆయన మీదో, పుస్తకాల మీదో తేల్చుకోలేకపోయేదాన్ని.

మందిరం పెద్దాయన ఒకరోజు ఇంటికొచ్చాడు. ఏ మాటకైనా ముందు 'సరేగానీ' అనడం ఆయన అలవాటు. మేము ఆయన్ని ఆ పేరుతోనే పిలుచుకునేవాళ్ళం, ఆయన లేనప్పుడు.

"సరేగానీ, కథ ఆగకూడదు," అన్నాడు. "ఇంకెవరికీ ఈ కథలు నోటికి రావు."

"అమ్మకి వచ్చు," అన్నాను.

నాన్న పలక వైపు చూశాడు. సరేగానీ నేల వైపు చూశాడు. అత్త నా వైపు చూసింది. అమ్మ మాత్రం ఎటూ చూడలేదు, ఖాళీ గ్లాసులు తీస్తోంది.

"ఆడమనిషి వేదికెక్కడం అనేది..." అని మొదలుపెట్టి, కాసేపు నలిగి, ఆయనే ఒక దారి కనిపెట్టాడు. "అమ్మగారు తెర వెనకే ఉంటారు. మైకు అక్కడికి ఇస్తాం. కథకుడుగారు మామూలుగా వేదిక మీద కూర్చుంటారు. చేతులతో అభినయం అంటారా, అది ఆయన చేస్తారు. గొంతు ఎవరిదైతేనేం, కథ ఒకటేగా!"

"మరి పెదాలు?" అంది అత్త.

"అంటే?"

"పెదాలు కూడా కదపమంటారా మా తమ్ముణ్ణి, లేక చేతులు చాలా అని."

నాన్న పలక మీద పెద్దగా రాశాడు: చాలు.

అలా మొదలైంది. మొదటి వారం నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. మైకు ఇచ్చాక అమ్మ ఒక పని చేసింది. ఎప్పుడూ తెర వైపు మొహం పెట్టే మనిషి, వెనక్కి తిరిగి, తెరకి వీపు ఆనించి, మా వైపు మొహం పెట్టి కూర్చుంది. "అటు తిరిగితే గుడ్డ తప్ప ఏం కనపడదు," అంది నాతో.

ఆ వేసవికి అనుకున్న కథ పుణ్యపురుషుడిది. వరదలో కొంపలు పోయిన పరాయివాళ్ళు దారిలో నిలబడి ఉంటే, తన ఇల్లు వాళ్ళకి ఇచ్చేసి, పెళ్ళాన్నీ పసిబిడ్డనీ తీసుకుని చెట్ల కిందికి పోయినవాడు. పుస్తకంలో ఆ భార్యకి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: 'ఆమె సంతోషంగా అంగీకరించింది.' దాని తర్వాత ఆమె మళ్ళీ కనపడదు. ఆయన మహిమలు మొదలవుతాయి.

అమ్మ గొంతు మైకులో వినడం వింతగా అనిపించింది. పెద్ద గొంతు కాదు. పక్కింటావిడతో గోడ మీదుగా మాట్లాడుతున్నట్టు చెప్పింది. తెర సందులోంచి నాకు నాన్న కనపడుతున్నాడు. ఆయన చేతులు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉన్నాయి. వరద తీశాక వాన కురిపించేవి, బిడ్డ నిద్రపోయాక ఉయ్యాల ఊపేవి. కొంతమంది మగవాళ్ళు నవ్వు ఆపుకుంటున్నారు. ఇల్లు ఇచ్చేసే చోటు వచ్చింది. నాన్న ఈసారి జాగ్రత్తపడి రెండు చేతులూ ముందే పైకెత్తి పెట్టాడు, ఆనందానికి.

"ఆమె ఒప్పుకుంది," అంది అమ్మ. ఆగింది. "సంతోషం సంగతి ఎవరూ అడగలేదు."

నాన్న చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి.

మర్నాడే సరేగానీ వచ్చాడు.

"సరేగానీ అమ్మా, చిన్న మాటొకటి జారిపోయింది నిన్న."

"ఏదండీ?"

"సంతోషంగా అని."

"అయ్యో, మరిచిపోయానండీ."

"పర్లేదు, పర్లేదు. వచ్చే వారం గుర్తు పెట్టుకోండి."

"అలాగేనండీ," అంది అమ్మ, అంత అమాయకంగా. ఆయన తృప్తిగా వెళ్ళిపోయాడు. నాన్న మాత్రం పలక మీద ఒక ప్రశ్నార్థకం రాసి ఆమెకి చూపించాడు. ఇంతంత పెద్దది. అమ్మ దాన్ని చూసి, "పడుకోండి, అలిసిపోయారు," అంది.

మరుసటి వారం అమ్మ ఆ మాట గుర్తు పెట్టుకోలేదు సరికదా, పుస్తకంలో లేని ఘట్టం ఒకటి చెప్పింది. ఇల్లు ఇచ్చి చాలా దూరం నడిచాక, ఆ భార్యకి ఉయ్యాల మరిచిపోయామని గుర్తొస్తుంది. భర్తని అక్కడే ఉండమని, బిడ్డని చంకనేసుకుని వెనక్కి వస్తుంది. తలుపు వేసి ఉంటుంది. తన చేత్తో రోజూ వేసి తీసిన తలుపు. తడుతుంది. లోపలి నుంచి అడుగుతారు, 'ఎవరు?'

హాల్లో పంకాల చప్పుడు తప్ప ఏమీ లేదు. అమ్మ ముందు వరసలోంచి వెనకదాకా ఒక్కొక్క మొహం చూసింది. అప్పుడు చెప్పింది: 'నేనే,' అంది ఆవిడ. 'నేనంటే?' అన్నారు లోపల. ఆవిడ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

ఆడవాళ్ళు చెప్పులు వేసుకునేటప్పుడు ఎప్పుడూ ఉండే గోల ఆ రోజు లేదు.

జనం కోరితే ఆ ఘట్టం మళ్ళీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. చెప్పినప్పుడల్లా తలుపు దగ్గర ఆవిడ మాట మారేది. ఒక వారం, 'ఉయ్యాల మరిచిపోయానమ్మా, ఇచ్చేస్తే పోతాను,' అంది. ఒక వారం, 'ఈ నేల తుడిచిన మనిషిని,' అంది. ఒక వారం ఏమీ అనలేదు, బిడ్డ ఏడిచింది, ఆ ఏడుపు విని లోపలివాళ్ళే తీశారు. ఏది అసలుదని ఆడవాళ్ళు బజార్లో తగవు పడేవాళ్ళు. అవతలి వీధి వాళ్ళు, ఇతర మందిరాల వాళ్ళు కూడా రావడం మొదలుపెట్టారు. ఇటు చోటు చాలక తెర మగవాళ్ళ వైపు జరపాల్సి వచ్చింది. జరిపిన ప్రతిసారీ సరేగానీ, "ఈ ఒక్క వారానికే," అనేవాడు.

అత్త పైకి ఒప్పుకునేది కాదు. "మా వంశంలో ఆడదాని గొంతు గడప దాటలేదు," అనేది. ఆ వెంటనే వంటింట్లోకి వచ్చి, "ఇంతకీ ఈ వారం ఏమంటుంది మరదలా నీ మహాతల్లి?" అని అడిగేది.

"నాకేం తెలుసు వదినా. అక్కడికి వెళ్ళాక చూడాలి."

"చూసి చెప్పడమేమిటే, నీ నోట్లోదేగా!"

నాకూ అదే అర్థం కాలేదు. ఎందుకు మారుస్తున్నావని అడిగాను. అమ్మ బట్టలు మడత పెడుతోంది. "బట్టలు కుట్టే పిన్ని లేదూ," అంది. "మొన్న కొడుకింటికి వెళ్ళి, సంచి దించకుండానే తిరిగొచ్చింది. ఆమె ముందు వరసలో కూర్చుని ఉంటే, 'నేనంటే?' అన్నారని ఎలా చెప్పను? అందుకే ఆ వారం తలుపు తీయించాను."

"మరి నువ్వే వేదిక మీదికి వెళ్ళి చెప్పొచ్చు కదమ్మా. ఇంతమంది నీ కోసం వస్తుంటే ఆ తెర దేనికి? నాన్న అక్కడ చేతులాడించడం దేనికి? నీకు అవమానంగా లేదూ?"

"నీకుందా?"

"నాకుంది."

"అయితే నీ అవమానం నువ్వు చూసుకో," అంది అమ్మ. చీర అంచు సరిచేసి, "నీ పుస్తకాల్లో వాళ్ళంతా వెళ్ళిపోతారన్నావు. వెళ్ళాక మళ్ళీ ఆ వీధిలోనే కూరలు కొనుక్కోవాల్సిన పని వాళ్ళకి ఉండదేమో. నాకుంది," అంది.

ఆ మాటకి ఆమె మీద ఇంకా కోపం వచ్చింది. ఆ వేసవంతా నేను అలాగే తిరిగాను, ఎవరి మీద విసరాలో తెలియని రాయి చేత్తో పట్టుకున్నట్టు. గ్రంథాలయంలో కూడా, పుస్తకం తెచ్చిచ్చిన వాళ్ళ మీద చిరచిరలాడేదాన్ని.

నాన్న సంగతి వేరు. ఆయన వేదిక మీద చేతులు కదపడం మెల్లమెల్లగా మానేశాడు. వినేవాడు. తలుపు దగ్గరికి కథ వచ్చేసరికి కళ్ళు మూసుకునేవాడు. అది శ్రద్ధో, కడుపుమంటో, రెండూ కలిసినదో నేను చెప్పలేను. ఇంటికొచ్చాక పలక మీద ఏమీ రాసేవాడు కాదు.

మొదటి వాన పడ్డ మధ్యాహ్నం, అన్నం తింటూ తింటూ ఆయన అన్నాడు:

"కూరలో ఉప్పు తక్కువైంది."

అందరం ముద్ద ఆపేశాం. అంత పొడుగు వేసవి మౌనం తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. గొంతు శుభ్రంగా ఉంది, మునుపటి కంటే బాగుంది. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అమ్మ ఉప్పు డబ్బా జరిపింది.

సాయంత్రానికల్లా సరేగానీ ఊడిపడ్డాడు. సంతోషం పట్టలేకపోతున్నాడు. "సరేగానీ, ఈ వారం నుంచి మీరే. అమ్మగారు పాపం చాలా శ్రమపడ్డారు. అన్నట్టు, ఆ తలుపు ఘట్టం మాత్రం ఉంచండి. జనం దాని కోసమే వస్తున్నారు."

"ఉంచుదాం," అన్నాడు నాన్న.

"అది అమ్మది," అన్నాను.

"ఇంట్లో అమ్మదనీ నాదనీ ఉంటుందా?" అన్నాడు నాన్న, నవ్వుతూ. ఆయనకి నిజంగానే అందులో తప్పేమీ కనపడలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. దొంగతనంగా తీసుకునేవాడితో పోట్లాడొచ్చు. తన అలమారలోంచి తన చొక్కా తీసుకున్నట్టు తీసుకునేవాడిని ఏమంటాం?

అమ్మ వైపు చూశాను. బీన్స్ నార తీస్తోంది. "చెప్పండి," అంది. "బాగుంటుంది."

ఆ వారం హాలు కిక్కిరిసింది. బయట ముసురు. అమ్మ పాత చోట, పాత పద్ధతిలో, మొహం తెరకి ఆనించి కూర్చుంది. నేను ఆమె పక్కన, నా పక్కన అత్త, వెనక బట్టలు కుట్టే పిన్ని. నాన్న బాగా చెప్పాడు. అది ఒప్పుకోవాలి. వరద ఆయన గొంతులో వరదలా వచ్చింది. 'ఆమె ఒప్పుకుంది. సంతోషం సంగతి ఎవరూ అడగలేదు,' అన్నాడు, అమ్మ ఆగిన చోటే ఆగుతూ. మగవాళ్ళ వైపు నుంచి మెచ్చుకోలుగా 'ఆఁ' అని వినిపించింది. అమ్మ చెప్పినప్పుడు ఆ వైపు నుంచి దగ్గు తప్ప ఏమీ వినిపించలేదు.

భార్య వెనక్కి వచ్చింది. తలుపు తట్టింది.

'ఎవరు?' అని లోపలి నుంచి అడిగారు, అన్నాడు నాన్న. ఆగాడు.

మొదట అందరూ అది కథలో ఆగడమే అనుకున్నారు. తర్వాత పీఠం మీద వేలు తట్టడం నాకు వినిపించింది. అమ్మ పలకలేదు. మళ్ళీ తట్టాడు. నాన్నకి జవాబులు తెలియక కాదు. వేసవంతా విన్నాడు, అన్నీ తెలుసు. ఇవాళ ఏది అనాలో తెలియదు.

అమ్మ మొహం పక్క నుంచి చూశాను. కోపం లేదు, పంతం లేదు. తనకేమీ సంబంధం లేని ఇంటి ముందు నిలబడి వింటున్నట్టుంది. నేను ఆగలేకపోయాను. మాట నోటిదాకా వచ్చి, తెర వైపు వంగాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నీకు తెలుసా?" అంది, చాలా మెల్లగా.

చెప్పబోయాను. ఏది? నాలుగు మాటలు ఒకేసారి నోట్లోకి వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

అప్పుడు నాన్న తల తిప్పాడు. వేదిక మీద కూర్చున్న కథకుడు తెర వైపు తల తిప్పడం ఆ హాల్లో ఎవరూ చూసి ఉండరు. ఆయన తిప్పగానే మగవాళ్ళ తలలన్నీ తిరిగాయి. అటు చూస్తే ఆయనకి ఏం కనపడుతుంది? గుడ్డ. ఆ గుడ్డ అవతల ఎవరెవరు కూర్చున్నారో, ఎవరు ఏ ఇంటి నుంచి తిరిగొచ్చారో ఆయనకి తెలిసే దారి లేదు.

"ఆమె..." అన్నాడు చివరికి, "సంతోషంగా వెనుదిరిగింది."

"ఛ," అంది అత్త. మెల్లగా అనడం ఆమెకి ఎప్పుడూ చేతకాదు. మగవాళ్ళ వైపుకి కూడా స్పష్టంగా వినిపించింది.

మర్నాడు పొద్దున్న నాన్న వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"ఎందుకలా చేశావు?"

"ఏం చేశాను?"

"అందించలేదు."

"మీకు అందించేటప్పుడు నా మొహం తెర వైపుంటుంది," అంది అమ్మ. "ఇవతల ఎవరున్నారో చూడకుండా ఏమని అందించను?"

"ఏదో ఒకటి అనాల్సింది. నా పరువు పోయింది."

"ఏదో ఒకటి మీరన్నారుగా."

నాన్న గుమ్మానికి ఆనుకున్నాడు. "సరే. వచ్చే వారం ఏం చేద్దాం?"

"తలుపు తట్టేదాకా మీరు చెప్పండి. అక్కడ ఆగి, 'ఇది మా ఆవిడ చెప్పిన చోటు, మిగతాది ఆమె చెబుతుంది' అనండి. మైకులో అనండి. చెబుతాను."

"అదెలా కుదురుతుంది?"

"కుదరకపోతే కుదరదు," అని అమ్మ స్టవ్ తగ్గించింది.

అంతే. గిన్నెలు విసరలేదు, ఎవరూ ఇల్లు వదిలి పోలేదు. ఆ వారం నాన్న వేరే కథ ఎత్తుకున్నాడు, అందింపు అక్కర్లేని చిన్న కథ. అమ్మ వెళ్ళలేదు. తెర పాత చోటుకి వచ్చిందని అత్త చెప్పింది, మొహం మాడ్చుకుని. ఆడవాళ్ళ వైపు ఖాళీ చాపలు కూడా మిగిలాయట.

తర్వాత కొన్నాళ్ళకి, ఒక వాన సాయంత్రం, బట్టలు కుట్టే పిన్ని మా వరండాలోకి వచ్చింది, ఊరికే ఇటు వచ్చానంటూ. ఆమె వెనక ఇంకో ఇద్దరు. ఆ వెనక గొడుగు మూసుకుంటూ మరొకరు. అందరూ ఊరికే ఇటు వచ్చినవాళ్ళే. నేనే పరిగెత్తి చాప పరిచాను. ఇదిగో, అనుకున్నాను. తెర లేదు, పీఠం లేదు, సరేగానీ లేడు. అమ్మ టీ పెట్టి తెచ్చింది.

"మరి ఆవిడ ఏమందమ్మా?" అంది పిన్ని. "ఆ రోజు చెప్పకుండానే వదిలేశారు."

"ఆ కథ ఇక్కడ చెప్పేది కాదు పిన్నీ."

"ఎక్కడైతేనేం? వినేది మేమేగా."

"అక్కడే చెబుతాను. అడిగితే." కప్పులు అందించింది. "టీ తాగండి, చల్లారిపోతుంది."

వాళ్ళు తాగారు. వాన గురించి, కుట్టుమిషను బెల్టు గురించి మాట్లాడారు. వెళ్ళిపోయారు. ఆమె చెబుతుందనే ఆశతో పరిచిన చాప మీద నేనొక్కదాన్నే మిగిలాను.

"ఎందుకమ్మా!" అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది. "ఆయన ఎప్పటికీ అడగడు. నీకు తెలుసు. అడగడు. వీళ్ళకి చెబితే నీ సొమ్మేం పోయింది?"

"వీళ్ళకి ఇక్కడ చెబితే, ఇంక అక్కడ ఎవరూ అడగక్కర్లేదు," అంది అమ్మ.

నేను మొహం తిప్పుకున్నాను. గోడ పక్కన కూర్చున్న అత్త నా వైపు చూసి ఏదో అనబోయి, మొదటిసారిగా ఏమీ అనలేదు. ముగ్గురం వాన చూస్తూ కూర్చున్నాం.

"టీ మిగిలిందా?" అని లోపల గదిలోంచి నాన్న అడిగాడు. ఆ గొంతు ఇల్లంతా నిండింది. కాయలన్నీ కరిగిపోయిన, ఏ మచ్చా లేని గొంతు.

అమ్మ లేవలేదు. నేను లేవలేదు. అత్త వైపు చూశాను. ఆమె కాళ్ళు చాపుకుని గోడకి జారబడింది.

నాన్న మళ్ళీ అడగలేదు. కొంతసేపటికి వంటింట్లో గిన్నె మీద మూత తీసిన చప్పుడు వినిపించింది.